జోసయ్య వేషం

సారయ్య స్టేజీ మీద అడుగు పెడితే చాలు, జనం నవ్వేవాళ్లు. మాట కూడా అక్కర్లేదు. భుజం మీది తువ్వాలు తీసి చంకలో పెట్టుకుని, నడుం వంచి "పిల్చిండ్రా దొరా?" అన్నాడంటే హాలంతా ఈలలు. పంజాగుట్ట మిత్ర నాటక సమాజం వాళ్లు వేసిన ప్రతి నాటకంలోనూ అతను ఉన్నాడు. నౌకరు, వాచ్‌మన్, జేబుదొంగ, తాగుబోతు, పెళ్లివారింట్లో లడ్డూలు దొంగిలించే పనివాడు. ఒక నాటకంలో శవంగా పడుకున్నాడు. అప్పుడు కూడా నవ్వారు.

పగలు అతనిది సనత్‌నగర్‌లో లేత్ మెషిన్ మీద పని. పంపులకు వాల్వులు తయారుచేసే చిన్న ఫ్యాక్టరీ. ఇల్లు బోరబండలో. డ్యూటీ దిగగానే మొహం కడుక్కుని, వేరే చొక్కా తొడుక్కుని అమీర్‌పేట వెళ్లేవాడు. మైత్రీవనం వెనక సందులో ఒక కంప్యూటర్ కోచింగ్ సెంటర్ ఉంది. దాని పై అంతస్తులోనే రిహార్సల్స్. మెట్ల దగ్గర నిలబడి వచ్చేపోయే ప్రతివాడి చేతిలోనూ జావా, ఒరాకిల్ కరపత్రాలు కుక్కే కుర్రాళ్లు సారయ్యకు మాత్రం ఇచ్చేవాళ్లు కాదు. గోళ్లలో నూనె మరకలు చూసి ఏ ఫ్యాను బాగుచెయ్యడానికో వచ్చాడనుకునేవాళ్లు. సాయంత్రం బ్యాచి వెళ్లిపోయాక, బోర్డు మీద ఇంగ్లీషు అక్షరాలు అలాగే ఉండగా, ప్లాస్టిక్ కుర్చీలు గోడవారకు జరిపి నాటకం మొదలుపెట్టేవాళ్లు.

సమాజానికి అధ్యక్షుడు, దర్శకుడు, హీరో అన్నీ అచ్యుతరావే. తెనాలి మనిషి. ఇరిగేషన్ ఆఫీసులో సూపరింటెండెంటుగా చేసి రిటైరై, పంజాగుట్ట ద్వారకాపురి కాలనీలో స్థిరపడ్డాడు. పచ్చని ఒళ్లు, నిండైన గొంతు. మే డే నాడు ఫ్యాక్టరీ గేటు దగ్గర కార్మికులు వేసిన నాటికలో సారయ్యను చూసి, "నీలో సరుకుందోయ్" అని వెంటబెట్టుకుని వచ్చింది ఆయనే. సారయ్య ఆ మాట మరిచిపోలేదు. అతని తండ్రి జనగామ దగ్గర పల్లెలో యక్షగానాల్లో రాజు వేషం కట్టేవాడు. అద్దాల కిరీటం పెట్టుకుని తండ్రి ఒక్క అరుపు అరిస్తే, పసివాడైన సారయ్య తల్లి కొంగులో మొహం దాచుకునేవాడు. ఎప్పుడో ఒకనాడు తనకూ అలాంటి వేషం రాకపోతుందా అనే ఆశతోనే ఇన్నేళ్లూ ఆ తువ్వాలు భుజాన వేసుకున్నాడు.

"నీ యాస ఉంది చూశావూ, అదే నీ ఆస్తి" అనేవాడు అచ్యుతరావు. "ఇంకొంచెం సాగదీయి. బాంచెన్ అన్నచోట బాగా వంగు. పడి చస్తారు జనం."

సారయ్య సాగదీసేవాడు. వంగేవాడు.

రెండు వేల ఐదులో వివేక్ అనే యువకుడు సమాజంలో చేరాడు. భీమవరం వాడు, మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ప్రాజెక్టు పని మీద ఏడాది అమెరికాలో ఉండి వచ్చాడు. అక్కడ ఒక మ్యూజియంలో పాతకాలపు నల్లజాతి నటుల ఫొటోలు చూశాడట. వాళ్ల గురించి దొరికిందల్లా చదివి, ఆ బతుకుల్నన్నిటినీ కలిపి జోసయా అనే నటుణ్ణి కల్పించి తెలుగులో నాటకం రాశాడు. పేరు 'మసి'. అతని కంపెనీయే తమ వార్షికోత్సవానికి వేయిస్తానంది.

నాటకం మొదటిసారి చదివేనాడు అచ్యుతరావు రాలేదు. కంటికి శుక్లాల ఆపరేషన్ చేయించుకుని ఇంట్లో ఉన్నాడు. వివేక్ అందరి వైపూ చూసి, కాగితాలు తీసుకెళ్లి సారయ్య చేతిలో పెట్టాడు.

"మీరు చదవండి సారయ్య గారూ."

"నేనా సార్? ఏ వేషం?"

"జోసయా."

"గాయన హీరో గద సార్."

"అవునండీ. అందుకే మీరు చదవండి."

సారయ్య చదవడం మొదలుపెట్టాడు. మొదటి పేజీలో తడబడ్డాడు. రెండో పేజీ నుంచి చుట్టూ ఉన్న మనుషుల్ని మరిచిపోయాడు.

జోసయా తల్లి బానిసగా పుట్టి, విడుదలైన మనిషి. ఊరూరా తిరిగి నాటుమందులు అమ్మే బండి వెంట పాటలు పాడుకుంటూ జోసయా చిన్నప్పుడే ఇల్లు విడిచాడు. గుడారాల నాటకాల్లో డప్పు కొట్టాడు, పల్టీలు వేశాడు. అలా అలా ఎదిగి వందేళ్ల కిందట న్యూయార్క్‌లో పెద్ద స్టేజీ ఎక్కాడు. కానీ ఎక్కేముందు మొహానికి మసి పూసుకోవాలి. సీసా బిరడాలు కాల్చి, ఆ మసి తడిపి, పెదాల చుట్టూ మాత్రం వెడల్పుగా వదిలి మొహమంతా పట్టించాలి.

సారయ్య అక్కడ ఆగాడు. "నల్లోనికి నల్లరంగు ఎందుకు సార్?"

"మొదట్లో నల్లవాడి వేషాలు తెల్లవాళ్లే వేసేవాళ్లండీ, మసి పూసుకుని" అన్నాడు వివేక్. "వెకిలి నడక, వంకర మాట, అన్నీ వాళ్లు పెట్టినవే. జనానికి అదే అలవాటైపోయింది. నిజమైన నల్లవాడు స్టేజీ ఎక్కినా ఆ మసి ఉండాల్సిందే. ఆ నడక నడవాల్సిందే. లేకపోతే టికెట్ కొనరు."

సారయ్య కాగితం తిప్పాడు.

గోడలనిండా జోసయా బొమ్మలు అంటించేవాళ్లు. అతను హాల్లోకి వెళ్లాల్సింది మాత్రం వెనక తలుపు నుంచి. తోటి నటులు దిగిన హోటల్లో అతనికి గది లేదు. పగలంతా ఎక్కడో అద్దెగదిలో కూర్చుని విషాద నాటకాల్లో రాజుల మాటలు కంఠతా పట్టేవాడు. సాయంత్రం కోళ్లు దొంగిలించే పనివాడై స్టేజీ మీద జారిపడేవాడు. ఒకసారి మేనేజరు దగ్గరికి వెళ్లి, ఒక్క విషాద పాత్ర ఇవ్వమని బతిమాలాడు. మేనేజరు భుజం తట్టి, "నువ్వు ఏడిస్తే చూడ్డానికి ఎవడొస్తాడు జోసయా?" అన్నాడు. చివరికి జబ్బుపడి, ఊపిరి ఆడని స్థితిలో, మసి కడిగేసుకుని వట్టి మొహంతో స్టేజీ మీదికి వచ్చి రాజు మాటలు చెప్పాడు. జనం అదీ హాస్యమే అనుకున్నారు. మాట మధ్యలో అతను కూలిపోయాడు. కూలినందుకూ నవ్వారు.

చదవడం అయిపోయాక వివేక్ కళ్లు తుడుచుకున్నాడు. తను రాసినవి కృష్ణా గోదావరి జిల్లాల మాటలు. సారయ్య వాటిని తనకు తెలియకుండానే తన మాటలో చదివేశాడు. స్టేజీ మీద వేసే సాగదీసిన యాసలో కాదు, ఇంట్లో పెళ్లాంతో మాట్లాడే మాటలో. "ఎందుకు నవ్వుతున్నరు? నేనేమన్న?" అని జోసయా అడిగినచోట ఒకామె చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"జోసయా మీరేనండీ" అన్నాడు వివేక్. "ఇంకెవరూ వెయ్యలేరు. నేను మాటిస్తున్నాను."

సారయ్య ఆ సాయంత్రం బస్సెక్కకుండా ఎస్.ఆర్. నగర్ మీదుగా నడిచి వెళ్లాడు. అతని భార్య స్వరాజ్యం అక్కడే ఆడపిల్లల హాస్టల్లో వంట చేస్తుంది. పని ముగించుకుని ఆమె బయటికి రాగానే దారిపొడుగునా జోసయా కథ చెప్పుకొచ్చాడు. చెబుతూ చెబుతూ ఆగిపోయాడు.

"స్వరాజ్యం, మన ఇంట్ల ఎవలన్న 'నీ కాల్మొక్త బాంచెన్' అని గట్ల సాగదీసి మాట్లాడుతరా?"

"ఎవలు మాట్లాడుతరు? మా అమ్మమ్మ సుత మాట్లాడకపోవు."

"మరి నేనెందుకు మాట్లాడుతున్న, ఇన్నేండ్ల సంది?"

స్వరాజ్యం నడక ఆపి అతని మొహంలోకి చూసింది. ఆమె కళ్లలో ఎప్పటిదో కోపం ఉంది.

"గిప్పుడు అడుగుతున్నవా? నీ నాటకానికి నేను రెండుసార్లు వచ్చిన. మల్ల రాలే. ఎందుకు రాలేదో ఎన్నడన్న అడిగినవా? నువ్వు వంగి బాంచెన్ అంటుంటే నా పక్క సీట్ల కూసున్న ఆడామె నవ్వి నవ్వి నా తొడ మీద కొట్టింది. 'భలే ఉన్నాడు కదండీ' అన్నది. గాయన నా మొగడు అని నేను చెప్పలే. చెప్పబుద్ది కాలే."

ఇన్నేళ్లుగా తను రాసుకుంటున్న మసి నాలుక మీద ఉంది. ఎవరో తయారుచేసి ఇచ్చిన యాస. తనదే అని చెప్పి, తనచేతనే పలికించి, తన మొహం మీదే నవ్వారు. అది తెలిసిన క్షణాన అతనికి దుఃఖం రాలేదు. చెవులు వేడెక్కాయి. ఇల్లు చేరేదాకా పిడికిళ్లు విప్పలేదు.

అచ్యుతరావు కోలుకునే ఆ పదిహేను రోజులూ సారయ్య లేత్ మెషిన్ ముందు నిలబడి జోసయా మాటలు గొంతెత్తి చెప్పుకున్నాడు. ఇనుము కోసే రొదలో ఎవరికీ వినపడేవి కావు. పక్క మెషిన్ మీద పనిచేసే సురేందర్ మాత్రం పెదాలు కదలడం చూసి, "ఏందన్నా, మంత్రం చదువుతున్నవా?" అని నవ్వేవాడు.

కంటికి నల్లద్దాలు పెట్టుకుని అచ్యుతరావు తిరిగొచ్చాడు. కుర్చీలో వెనక్కి వాలి, సారయ్య చేసిన రెండు సీన్లు ఓపికగా చూశాడు. చూసి, చప్పట్లు కొట్టాడు.

"బావుందోయ్. చాలా బావుంది. వివేక్, నాటకం అద్భుతంగా రాశావయ్యా. జోసయా నేను వేస్తాను."

వివేక్ కుర్చీలోంచి లేచాడు.

"సార్, నేననుకున్నది..." అన్నాడు వివేక్.

"నువ్వనుకున్నది నాకు అర్థమైందిలే. సారయ్య మనవాడే, కాదనను. కానీ ఇది ట్రాజెడీ. హీరో నోట్లోంచి ఆ భాష వస్తే మొదటి డైలాగుకే నవ్వేస్తారు జనం. మీ కంపెనీ పెద్దలు ముందు వరసలో కూర్చుంటారు. రసాభాస అయిపోదూ? భాష శుద్ధంగా ఉండాలి."

"నవ్వలేదండీ ఆ రోజు ఎవరూ" అన్నాడు వివేక్, బలం లేని గొంతుతో.

"ఇక్కడున్నది మనవాళ్లు. హాలు వేరు." అచ్యుతరావు సారయ్య వైపు తిరిగి ప్రేమగానే చెప్పాడు. "నీకూ మంచి వేషం ఉందోయ్. జోసయాకి మేకప్ చేసే నౌకరు, సామ్. మసి పూసేవాడు. వాడికి నీ యాస పెడదాం. నాటకమంతా ఏడుపే అయితే జనం కూర్చోలేరు. మధ్యలో నువ్వొచ్చి కాస్త నవ్వించు."

సారయ్య వివేక్ వైపు చూశాడు. వివేక్ నేల చూస్తున్నాడు.

ఆ క్షణాన లేచి వెళ్లిపోవాల్సింది. వెళ్లలేదు. జోసయాను ఆ గదిలో వాళ్ల చేతుల్లో వదిలి రాబుద్ధి కాలేదు, అంతే. రోజూ వెళ్లి మూల నిలబడి, తన మాటలు ఇంకొకరి నోట వినేవాడు. అచ్యుతరావు చెడ్డ నటుడు కాదు. నిజంగానే ఏడ్చేవాడు, ఏడిపించేవాడు. అదే సారయ్యకు మరీ మండేది. ఆయన చేతకానివాడైతే బాధ ఉండేది కాదు. ఆ ఏడుపు చూసి జనం నమ్ముతారు. హాలు దాటి వెళ్లి, అవమానమంటే ఏమిటో తమకు తెలిసిందనుకుంటారు.

నాటకం రోజు పంజాగుట్టలో ఫ్లైఓవర్ పనుల వల్ల దారంతా దుమ్ము. ఆడిటోరియం ముందు కార్లు బారులు తీరాయి. మెడలో కంపెనీ కార్డులు వేసుకున్న పిల్లలు, పట్టుచీరల్లో వాళ్ల తల్లులు. లోపల గ్రీన్‌రూములో మేకప్ మనిషి బుల్లబ్బాయి అచ్యుతరావును అద్దం ముందు కూర్చోబెట్టి, పచ్చని మొహం మీద గోధుమరంగు, ఆపైన నల్లరంగు పట్టించాడు. మెడ దగ్గర సరిపోవడం లేదు. నీలం తేలుతోంది.

"అయ్యగారూ, నలుపు సహజంగా రావట్లేదండీ" అన్నాడు బుల్లబ్బాయి. చుట్టూ చూశాడు. "సారయ్యా, ఓసారి ఇలా రావయ్యా. నీ చెయ్యి ఇక్కడ పెట్టు. రంగు కలిసిందో లేదో చూస్తాను."

సారయ్య వెళ్లాడు. చొక్కా చెయ్యి మడిచి, అచ్యుతరావు చెంప పక్కన తన ముంజేయి ఆనించాడు. బుల్లబ్బాయి కళ్లు చికిలించి ఒకసారి చేతినీ, ఒకసారి చెంపనీ చూసుకుంటూ ఇంకొంచెం నలుపు కలిపాడు.

"ఆఁ, ఇప్పుడు కుదిరింది. కదపకు, కదపకు."

"మన సారయ్య అన్నిటికీ పనికొస్తాడు" అన్నాడు అచ్యుతరావు అద్దంలోంచి నవ్వుతూ. గదిలో ఉన్నవాళ్లంతా నవ్వారు. దూరంగా నిలబడ్డ వివేక్ నవ్వలేదు కానీ, ఆపమనీ అనలేదు.

సారయ్య చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ముంజేతి మీద వాళ్ల రంగు అంటుకుంది. నీళ్లు పోసుకుని తోముకున్నాడు. చర్మం మండేదాకా తోముకున్నాడు.

మూడో సీను. అద్దం ముందు జోసయా కూర్చున్నాడు. సామ్ గిన్నెతో వచ్చాడు. సారయ్య అడుగు పెట్టగానే హాల్లో నవ్వు మొదలైంది. పాత అలవాటు.

"మసి పూస్తున్న దొరా, జర కదలకుండ్రి."

ఈలలు, చప్పట్లు. సారయ్య మసిలో వేళ్లు ముంచి అచ్యుతరావు ఎడమ చెంప మీద పూశాడు. నుదుటి సగం దాకా పూశాడు. చెయ్యి ఆగిపోయింది.

"ఇగ నేను పుయ్య" అన్నాడు.

జనం పకపకా నవ్వారు. ఇది నాటకంలో లేదు. అచ్యుతరావు కనుబొమ్మలు ముడిపడ్డాయి.

"ఏమైంది సామ్, ఒంట్లో బాగాలేదా?" అన్నాడు, సర్దుకుంటూ.

"నా పేరు సారయ్య."

ఇంకా పెద్ద నవ్వు. సారయ్య గిన్నె బల్ల మీద పెట్టి, హాలు వైపు తిరిగాడు. నడుం నిటారుగా పెట్టాడు. లైట్ల వెలుగులో మొహాలు కనపడటం లేదు, నవ్వు మాత్రం వినిపిస్తోంది.

"నవ్వుండ్రి. ఇన్నేండ్ల సంది నవ్వుతనే ఉన్నరు. గీ కథ నా అసోంటోనిది. నన్ను ఇక్కడ నిలబెట్టి, నా చెయ్యి చూసి రంగు కలుపుకుని, నా కథ నాకు చూపెడుతున్నరు. నేను వస్తలేను గీ నాటకంల."

నవ్వు అక్కడక్కడా తెగింది. అతను వింగులోకి వెళ్లలేదు. ముందున్న మెట్లు దిగి, కంపెనీ పెద్దలు కూర్చున్న వరస పక్కనుంచి, మధ్యదారిలో నడుచుకుంటూ, తలుపు తోసుకుని రోడ్డు మీదికి వచ్చేశాడు. నౌకరు వేషంతోనే బోరబండ బస్సెక్కాడు. కండక్టరు ఎగాదిగా చూస్తే, "ఏం చూస్తున్నవ్?" అని కసిరాడు.

తెల్లారి సురేందర్ పేపరు పట్టుకొచ్చాడు. నాటకం గురించి రాశారు. ఆగిపోలేదట. అచ్యుతరావు సగం మసి మొహంతోనే చివరిదాకా నడిపించాడట. నౌకరు పాత్ర తిరగబడి ప్రేక్షకుల మధ్యనుంచి నడిచివెళ్లడం దర్శకుడు అచ్యుతరావు చేసిన సాహసోపేతమైన ప్రయోగమట. హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టిందట. సారయ్య పేరు ఎక్కడా లేదు.

"మస్తుంది గదనే" అన్నాడు సురేందర్ అమాయకంగా.

సారయ్య పేపరు ఉండచుట్టి ఇనుప రజను డబ్బాలో పడేశాడు. తన కోపాన్ని కూడా వాళ్లు తీసేసుకున్నారు.

నాలుగు రోజుల తర్వాత మధ్యాహ్నం భోజనాల వేళ అచ్యుతరావే ఫ్యాక్టరీకి వచ్చాడు. గేటు ఎదురుగా చాయ్ హోటల్లో ఇద్దరూ కూర్చున్నారు. నల్లద్దాల వెనక ఆయన కళ్లు కనపడలేదు కానీ గొంతు మాత్రం బరువుగా ఉంది.

"నా పరువు ఏం కావాలనుకున్నావురా? నేను తీసుకెళ్లకపోతే ఈ గేటు దాటేవాడివా నువ్వు?"

"దాటకపోతుంటి సార్. మీరే దాటిచ్చిండ్రు. కాదంటలేను" అన్నాడు సారయ్య. "కానీ గీ గేటు దాటిచ్చి, స్టేజీ మీద ఇంకో గేటు కాడ వాచ్‌మన్ లెక్క నిలబెట్టిండ్రు. గాడికెల్లి లోపలికి రానియ్యలే."

"నిన్ను కొడుకులా చూశాను."

"మీ కొడుకుకు ఎన్నడన్న తువ్వాలు ఇచ్చి వంగుమన్నరా సార్?"

అచ్యుతరావు చాయ్ గ్లాసు పక్కకు జరిపాడు. ఆయన నిజంగానే నొచ్చుకున్నాడు. ఏం తప్పు చేశాడో ఆయనకు నిజంగానే తెలియలేదు. చివరికి గొంతు సవరించుకున్నాడు.

"పోనీ జరిగిందేదో జరిగింది. ఒకందుకు మంచిదే అయింది. ఆ సీను అద్భుతంగా పండిందోయ్. వచ్చే నెల వైజాగ్ నాటక పరిషత్తు పోటీల్లో వేస్తున్నాం. నువ్వు రా. అచ్చం అలాగే చెయ్యి. అక్కడే ఆగు, అదే మాట చెప్పు, అలాగే మెట్లు దిగి వెళ్లిపో. బహుమతి మనదే."

సారయ్య లేచి నిలబడ్డాడు. హోటల్లో ఉన్నవాళ్లంతా తిరిగి చూశారు.

"నేను కడుపు మండి దిగిపోయిన సార్. గది సుత మీకు యాక్టింగేనా? ఊరూరికి వచ్చి కోపం చెయ్యాల్నా? మీరు చప్పట్లు కొట్టెటందుకు నేను మండాల్నా? పోండ్రి సార్. మీరు పెద్దోళ్లు. ఇంకొక్క మాట అనిపియ్యకుండ్రి నాతోని. పోండ్రి."

అచ్యుతరావు చాయ్ తాగకుండానే వెళ్లిపోయాడు. వైజాగులో ఆ సీను ఇంకెవరితోనో చేయించి బహుమతి తెచ్చుకున్నాడని తర్వాత తెలిసింది.

వివేక్ బోరబండ వచ్చింది ఒక ఆదివారం పొద్దున. స్వరాజ్యం గుమ్మంలో బియ్యం ఏరుతోంది. లోపలికి రమ్మనలేదు.

"నువ్వేనా మాటిచ్చినోనివి?" అంది.

"నేనేనమ్మా."

"గా రంగు కలిపేటప్పుడు నువ్వు ఆడనే ఉన్నవట గదా. నోట్ల ఏం పెట్టుకున్నవ్?"

సమాజం మానేశానని, వైజాగ్ వెళ్లలేదని, నాటకం ఇక వాళ్లను వెయ్యనివ్వనని చెప్పాడు వివేక్. సారయ్య లోపలినుంచి అంతా విన్నాడు. బయటికి వచ్చి గడప మీద కూర్చున్నాడు.

"నువ్వు బాధపడుతున్నవని నాకు కోపం పోదు వివేక్. గది నువ్వు ఎర్కలుంచుకో" అన్నాడు. సార్ అనకపోవడం ఇద్దరికీ తెలిసింది. "కథ నువ్వు తెచ్చినవ్, మంచిగ తెచ్చినవ్. మాట నాది. కూసో. రాయి."

ఆ వేసవి ఆదివారాలన్నీ అలా గడిచాయి. సారయ్య చెబుతుంటే వివేక్ రాసేవాడు. రాసింది చదివితే స్వరాజ్యం కొట్టేసేది. "జోసయ్య గట్ల మాట్లాడడు. గది అడుక్కునుడు లెక్కుంది. కొట్టెయ్యి" అనేది. ఆమె నోట్లో జోసయా మొదటిరోజే జోసయ్య అయిపోయాడు. మసి పూసే మనిషి వేషం ఎవరు వెయ్యాలని ప్రశ్న వచ్చినప్పుడు, తనే వేస్తానంది. ఎన్నడూ స్టేజీ ఎక్కని మనిషి. నౌకరు కాదు, జోసయ్య భార్య. రోజూ తన చేతులతో మొగుడి మొహానికి మసి పూసి పంపించే ఆడమనిషి.

సనత్‌నగర్ యూనియన్ హాల్లో ఒక సెలవురోజు మధ్యాహ్నం నాటకం వేశారు. రేకుల కప్పు కింద ఉక్కపోత. ఫ్యాక్టరీ వాళ్లు, బోరబండ వాళ్లు, స్వరాజ్యం హాస్టల్లో తోటి పనివాళ్లు వచ్చారు. తెర లేదు. సారయ్య పక్కగదిలోంచి నడిచొచ్చి మధ్యలో నిలబడ్డాడు.

"నా పేరు జోసయ్య. నేను యాక్టర్ను."

పకపకా నవ్వారు. ముందు వరసలో సురేందర్ తొడ చరుచుకుని మరీ నవ్వాడు. వాళ్లకు సారయ్య అంటే నవ్వే. మే డే నాటికల నుంచీ నవ్వే.

సారయ్య ఆగిపోయాడు. పంజాగుట్ట హాల్లో కూడా రాని కోపం అప్పుడు వచ్చింది. పరాయివాళ్లు నవ్వితే సరే. వీళ్లు కూడానా? తనతోపాటు ఇనుము కోసేవాళ్లు, తన సందులో నీళ్లు పట్టుకునేవాళ్లు. కదలకుండా నిలబడి సురేందర్ మొహంలోకి చూశాడు. నవ్వు మెల్లగా చల్లారింది. చూస్తూనే ఉన్నాడు.

"సురేందర్, నేనేమన్ననని నవ్వినవ్?"

"ఏం లేదన్నా... ఊకెనే" అన్నాడు సురేందర్ ఇబ్బందిగా.

"ఊకెనే ఎందుకు నవ్వుతవ్? పేరు జెప్పిన. పని జెప్పిన. గండ్ల ఏమున్నది నవ్వనీకి?"

ఎవరో దగ్గారు. గోడ దగ్గర స్వరాజ్యం మసిగిన్నె పట్టుకుని నిలబడింది, ఆమె మొహం గట్టిపడి ఉంది. సారయ్య మొదటికి వచ్చాడు.

"నా పేరు జోసయ్య. నేను యాక్టర్ను."

ఈసారి విన్నారు. స్వరాజ్యం వచ్చి మొహానికి మసి పూసింది. నేర్పిన మాటలు సగం మరిచిపోయింది, తొందరపడింది, కానీ ఆ పూయడంలో ఉన్న కోపం ఎవరూ నేర్పింది కాదు. చెంప మీద చెంపదెబ్బలా పూసింది. "పో. పోయి నవ్వియ్యి. నీ పెండ్లాం ఇంట్ల ఏడుస్తదని ఎవలకు చెప్పకు" అంది. వెనక వరసలో ఒక ఆడమనిషి లేచి బయటికి వెళ్లిపోయింది. కాసేపటికి తిరిగొచ్చి కూర్చుంది.

అయిపోయాక చప్పట్లు కొట్టాలో వద్దో వాళ్లకు తెలియలేదు. కొందరు కొట్టారు. కొందరు తలలు వంచుకుని చెప్పులు వెతుక్కున్నారు. సురేందర్ పలకరించకుండా వెళ్లిపోయాడు. చాలా రోజులు పక్క మెషిన్ మీద పనిచేస్తూ కూడా మాట్లాడలేదు. నలుగురిలో తన పరువు తీశాడని అందరికీ చెప్పుకున్నాడు. సారయ్య సంజాయిషీ చెప్పలేదు. ఒకరోజు సురేందరే తన టిఫిన్ డబ్బా తెచ్చి సారయ్య పక్కన కూర్చుని, "గా రాజు మాటలు ఒక్కపారి చెప్పన్నా" అన్నాడు.

తర్వాత వాళ్లు నాటకం పట్టుకుని జనగామ వెళ్లారు, భువనగిరి వెళ్లారు, మిల్లు కార్మికులు పిలిస్తే సిరిసిల్ల వెళ్లారు. వివేక్ సెలవు పెట్టి సామాన్లు మోసేవాడు. సారయ్యకు అతని మీద కోపం పూర్తిగా పోలేదు, అతనూ పోవాలని అడగలేదు. ఎక్కడ వేసినా మొదటి మాటకు ఎవరో ఒకరు నవ్వేవారు. సారయ్య నిలబడి, నవ్విన మనిషి వైపు చూసి, ఎందుకు నవ్వావని అడిగేవాడు. జవాబు వచ్చేదాకా నాటకం మొదలుపెట్టేవాడు కాదు.